దీవి చుట్టూ ఎదురు దారిలో

మా ఉల్లుంగ్ దీవి గుండ్రంగానే ఉంటుంది. కానీ దాని చుట్టూ పూర్తిగా ఒక్క చుట్టు తిరిగి రావడం మొన్నమొన్నటిదాకా ఏ బండికీ కుదరలేదు. సముద్రంలోంచి నిలువుగా లేచిన అగ్నిపర్వతం ఇది. ఒడ్డు వెంబడి రోడ్డు వెయ్యడం మొదలుపెట్టి యాభై ఏళ్లు దాటినా, తూర్పు వైపు ఐదు కిలోమీటర్ల కొండ మాత్రం లొంగలేదు. కొండకు ఇటు జోదోంగ్, అటు సొక్పో. గట్టిగా అరిస్తే వినిపిస్తుందేమో అన్నంత దగ్గరగా ఉన్న ఈ రెండు ఊళ్ల మధ్య బండి మీద వెళ్లాలంటే దీవినంతా పడమర నుంచి చుట్టుకుని గంటన్నర ప్రయాణం.

నా పేరు గ్వాక్ మాన్‌సిక్. నా సొంత మినీ బస్సులో ముప్ఫై ఏళ్లకు పైగా యాత్రికులకు దీవి చూపిస్తున్నాను. డ్రైవర్నీ నేనే, గైడునీ నేనే. రోజూ పొద్దున దోదోంగ్ రేవు దగ్గర బయలుదేరి దక్షిణం మీదుగా పడమరకు, అక్కణ్ణుంచి ఉత్తరానికి వెళ్లి, సొక్పో కింద రోడ్డు ఆగిపోయిన చోట బండి తిప్పుకుని వెళ్లిన దారినే తిరిగొచ్చేవాణ్ణి. వచ్చేటప్పుడు జనం కునుకు తీసేవారు, నా మైకు కట్టేసి ఉండేది. ఆ తిప్పుకునే చోట, "ఇక్కడితో లోకం అయిపోయింది, దిగి ఫోటోలు తీసుకోండి" అనేవాణ్ణి. జనం నవ్వేవారు. ముప్ఫై ఏళ్లు అదే మాటకు నవ్వారు.

ఆరేళ్ల కిందట మార్చిలో కొండ తొలిచి సొరంగం పూర్తి చేశారు. నా జోకు పోయింది.

నా మాటలన్నీ క్యాసెట్టులా వరసగా ఉంటాయి. ఏ మలుపులో ఏ కథ, ఏ రాయి దగ్గర ఏ జోకు అన్నది నాలుకకు తెలుసు, నాకు తెలియదు. నిద్రలో కూడా నేను "ఎడమవైపు చూడండి" అంటానని మా ఆవిడ ఫిర్యాదు. రోడ్డు తెరిచాక వచ్చిన మొదటి ఆదివారం దేగు నగరం నుంచి కొండలెక్కే ఆడవాళ్ల సంఘం ఒకటి నా బండి మాట్లాడుకుంది. దీవి మొత్తం చుట్టి రావడం నాకు అదే మొదలు. ఆ సంతోషంలో ముందురోజు మా మేనత్త మల్‌సూన్‌కి ఫోన్ చేసి, "రేపు చుట్టూ తిరుగుతున్నాను అత్తా, ఒక సీటు ఖాళీ ఉంది, కావాలంటే రా" అన్నాను. ఎటు నుంచి ఎటు అన్నది నేను చెప్పలేదు. ఆవిడా అడగలేదు.

మల్‌సూన్ అత్తకు అప్పటికి డెబ్భై తొమ్మిది. పుట్టింది సొక్పోలో, కాపురం జోదోంగ్‌లో. సొక్పోలో ఆవిడ ప్రాణ స్నేహితురాలు దుల్లే ఉంది. ఇద్దరూ ఒకే గోడకు అటూ ఇటూ పుట్టారు. దుల్లే పిన్నికి సొంత ఊళ్లోనే సంబంధం కుదిరింది, మా అత్త మాత్రం ఇరవై ఒకటో ఏట కొండ దాటి అత్తారింటికి వచ్చింది. మరుసటి ఏడు దుల్లే పిన్నికి పిల్ల పుడితే, అత్త ఆల్చిప్పల అన్నం వండి, కుండ నెత్తిన పెట్టుకుని, అడవి దారిలో మూడు గంటలు నడిచి తీసుకెళ్లింది. పచ్చి బాలింత ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, "ఏమే, ఇది పొయ్యి మీంచి దించావా, సముద్రంలోంచి నేరుగా తెచ్చావా? ఇంత చల్లగా ఉందేంటి?" అంది.

"మూడు గంటలు నడిస్తే చల్లారదా? తప్పు దారిది."

"నీ చేతి అన్నం పొగలు కక్కుతూ నా ముందు పెట్టిన రోజు, మా ఇంటి ముందు రోడ్డు మీద చిందులేస్తాను, చూసుకో."

అప్పటికి ఆ ఇంటి ముందు రోడ్డే లేదు. మేకలు నడిచే బాట ఉండేది.

ఆ మాట ఇద్దరి మధ్యా అలా ఉండిపోయింది. అత్త వదల్లేదు. ఒకసారి మరపడవలో తీసుకెళ్లింది, గాలికి గడ్డకట్టింది. పడమటి రోడ్డు వేశాక కుండను ఒళ్లో పెట్టుకుని, పైన కోటు కప్పి, రెండు బస్సులు మారి వెళ్లింది. దుల్లే పిన్ని అన్నంలో వేలు పెట్టి చూసి, "గోరువెచ్చగా ఉంది. పసిపిల్లకి స్నానం చేయించొచ్చు" అందట. ఆ తర్వాత అత్త మూడు నెలలు ఆవిడతో మాట్లాడలేదు.

ఆదివారం పొద్దున నేను రేవుకు వెళ్లేసరికి అత్త అప్పటికే ఊరి బస్సులో వచ్చి నా కోసం కాచుకుని ఉంది. ఒళ్లో పిల్లాడంత మూట. ఇనుప కుండ, దానికి రెండు తువ్వాళ్లు, ఆ పైన పాత బొంత.

"ఏంటి అత్తా ఇది?"

"నీకెందుకు? బండి తలుపు తియ్యి."

ముందు సీట్లో కూర్చుని మూటకు కూడా బెల్టు పెట్టింది. ఇంతలో దేగు వాళ్లు వచ్చారు. పదకొండు మంది ఆడవాళ్లు, అందరికీ రంగురంగుల కోట్లు, తలలకు పెద్ద అంచు టోపీలు. వాళ్ల నాయకురాలు తాక్ గ్యోంగ్‌హీ, బడిలో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. మెళ్లో ఈల వేలాడుతోంది. వాళ్లతో ఒకే ఒక మగమనిషి, హామ్ గారు. భార్య సంఘంలో సభ్యురాలు కాబట్టి సామాన్లు మొయ్యడానికి వచ్చానని ఆయనే చెప్పుకున్నాడు. చేతిలో నేను పంపిన ప్రయాణ వివరాల కాగితం, దాని మీద ఎర్ర పెన్నుతో గీతలు.

బండి రేవులోంచి పైకెక్కి కూడలికి వచ్చింది. అక్కడ ఎడమకు తిరిగితే దక్షిణం, కుడికి తిరిగితే జోదోంగ్. అలవాటు ప్రకారం ఎడమకు తిప్పాను.

"ఒరేయ్, ఎటు పోతున్నావురా?" అంది అత్త.

"చుట్టూ తిరగడానికే అత్తా."

"సొరంగం అటుంటే ఇటు పోతావేంటి?"

"అది చివర్లో వస్తుంది. ముందు దక్షిణం, తర్వాత పడమర, నారిలో భోజనం, నాలుగింటికి సొక్పో."

"నాలుగింటికా?" అత్త రెండు చేతులూ కుండ చుట్టూ వేసుకుంది. "సరేలే. పోనీ. ఆపు, నన్ను దింపెయ్యి. ఏదైనా టాక్సీ దొరుకుతుందేమో చూసుకుంటా."

ఆ రోజు దీవిలో టాక్సీలన్నీ కొత్త రోడ్డు మీదే ఉన్నాయని నాకు తెలుసు. బండి పక్కకు ఆపాను. వెనక సీట్లో తాక్ టీచరమ్మ లేచి నిలబడింది.

"గైడు గారూ, ఏమిటి సంగతి? మామ్మగారు ఎందుకు దిగుతున్నారు?"

నేను చెప్పబోయాను గాని అత్తే వెనక్కి తిరిగి మొత్తం చెప్పేసింది. బాలింత, మూడు గంటల నడక, పడవ, రెండు బస్సులు, గోరువెచ్చన, అన్నీ. వెంటనే పదకొండు మందీ ఒకేసారి మాట్లాడటం మొదలుపెట్టారు. తాక్ టీచరమ్మ ఈల ఊదింది.

"పిల్లలూ, నిశ్శబ్దం. ఎదురు వైపు నుంచి తిరగడానికి ఎవరెవరు ఒప్పుకుంటారు? చేతులెత్తండి."

ఆ పిల్లల్లో అందరికంటే చిన్నదానికి అరవై రెండేళ్లు. పదకొండు చేతులు లేచాయి. హామ్ గారు మాత్రం కాగితం పైకెత్తాడు.

"ఇందులో అలా లేదు. మొదటి మజిలీ దక్షిణాన సాదోంగ్ అని స్పష్టంగా ఉంది. ఒకసారి వేసిన టైం టేబుల్‌ని ఇష్టం వచ్చినట్టు తిరగేస్తే ఎలా?"

"ఏమండీ, కూర్చోండి" అంది భార్య, నోరు కదపకుండా.

అత్త ఆయన వైపు తేరిపార చూసింది. "బాబూ, నువ్వు ఏం పని చేసేవాడివి?"

"రైల్వేలో. స్టేషన్ మాస్టర్ని. ముప్ఫై నాలుగేళ్లు."

"మీ రైలు ఎప్పుడైనా యాభై ఏడేళ్లు ఆలస్యంగా వచ్చిందా?"

ఎవరో కిసుక్కున నవ్వారు. హామ్ గారు నవ్వలేదు. ఆ ప్రశ్నను నిజంగానే ఆలోచించాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, గడియారం చూసుకున్నాడు.

"పొయ్యి మీంచి ఎన్నింటికి దించారు?"

"ఏడు ముప్పావుకి."

"ఇప్పుడు ఎనిమిది ఇరవై. అంటే ముప్ఫై అయిదు నిమిషాలు. డ్రైవరు గారూ, ఇంకా నిలబెట్టారేంటి? బండి తిప్పండి."

తిప్పాను. ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు. నేను మైకు అందుకుని, గొంతు సవరించుకుని, "నమస్కారం అమ్మలారా, అక్కలారా, ఎడమవైపు చూడండి" అన్నాను. అందరూ ఎడమవైపు చూశారు. కిటికీకి జానెడు దూరంలో నల్లటి కొండరాయి, దాని మీద కాంక్రీటు.

"చాలా బాగుంది" అంది తాక్ టీచరమ్మ మర్యాదగా.

సముద్రం కుడివైపు ఉంది. ఎదురు దారిలో అన్నీ కుడివైపే ఉంటాయి. నాకు ఆ క్షణంలో అర్థమైంది, ఈ రోజు నా క్యాసెట్టు పనికి రాదని.

జోదోంగ్ దాటి సొరంగం దగ్గరికి వచ్చేసరికి ముందు బండ్లు ఆగిపోయి ఉన్నాయి. ముప్ఫై నలభై ఉంటాయి. మా దీవిలో అన్ని బండ్లు ఒకచోట చేరడం నేనెప్పుడూ చూడలేదు. పెళ్లికి వచ్చినట్టు జనం కొత్త బట్టలు వేసుకుని దిగి తిరుగుతున్నారు. సొరంగం ముఖద్వారం దగ్గర ఒక పడవ యజమాని తన కొత్త లారీని అడ్డంగా పెట్టి, దాని ముందు బల్ల వేసి, ఉడికించిన పంది తల, ఎండు చేప పెట్టి, బండికి ప్రమాదం రాకూడదని దండాలు పెడుతున్నాడు. మొక్కిన ప్రతివాడికీ ఆయన భార్య గిన్నెడు బియ్యం కల్లు పోస్తోంది. వెనక వాళ్లు ఫోటోలు తీసుకుంటున్నారు. హారన్ కొట్టే ఉద్దేశం ఎవరికీ లేదు.

"నలభై తొమ్మిది నిమిషాలు" అన్నాడు హామ్ గారు.

ఆడవాళ్లు కోట్లు విప్పి కుండ మీద కప్పడం మొదలుపెట్టారు. ఎరుపు, పసుపు, గులాబీ, ఆకుపచ్చ. కాసేపటికి అత్త ముక్కు తప్ప ఏమీ కనబడలేదు. ఒకావిడ చేతులు వెచ్చబెట్టుకునే పొట్లాలు సంచిలోంచి తీసి, "మామ్మగారూ, వీటిని కూడా లోపల పెట్టండి, గంటల తరబడి వేడి తగ్గదు" అంది.

"వద్దమ్మా" అంది అత్త. "దొంగ వేడి వద్దు. గెలిస్తే నా పొయ్యి గెలవాలి."

"యాభై మూడు" అన్నాడు హామ్ గారు. ఆ తర్వాత ఆయన లేచి, తాక్ టీచరమ్మ ముందు చెయ్యి చాపాడు. "ఆ ఈల ఒకసారి ఇస్తారా?"

ఈల నోట్లో పెట్టుకుని, భార్య మెళ్లోని ఎర్ర రుమాలు లాక్కుని దిగాడు. తర్వాత జరిగింది నేను ఇప్పటికీ మా వాళ్లందరికీ చెబుతుంటాను. ఆయన రోడ్డు మధ్యలో నిటారుగా నిలబడి, పొడుగ్గా ఒక ఈల వేశాడు. జనం ఉలిక్కిపడి చూశారు. రుమాలు ఒకసారి పక్కకు ఊపాడు. అందరూ ఎందుకో తెలియకుండానే బండ్లెక్కారు. పడవ యజమాని దగ్గరికి వెళ్లి, ముందు పంది తలకు పద్ధతిగా వంగి దండం పెట్టి, పోసిన కల్లు తాగి, లారీ వైపు రుమాలు చూపించాడు. ఆ మనిషి లారీని పక్కకు తీశాడు. బండ్లు ఒకదాని వెనక ఒకటి రైలు పెట్టెల్లా సొరంగంలోకి కదిలాయి. హామ్ గారు ముఖం ఎర్రబడి బండెక్కాడు. ఆయన భార్య ఆయన్ని కొత్తగా చూసింది.

"అరవై ఒక్క నిమిషాలు. పోనివ్వండి."

సొరంగంలో దీపాలు ఒక్కొక్కటే వెనక్కి పోతున్నాయి. అత్త తల పైకెత్తి బండి కప్పు వైపు చూస్తోంది.

"ఏంటి అత్తా?"

"మన నెత్తి మీదే ఉంది ఆ దారి. సరిగ్గా ఇక్కడే ఎక్కడో ఊట ఉంటుంది. కుండ దింపుకుని నీళ్లు తాగేదాన్ని. మా అమ్మ పోయిందని కబురొచ్చినప్పుడు మంచులో ఈ కొండంతా పరుగెత్తాను." ఇంతలో ముందర వెలుగు కనిపించింది, బండి ఎండలోకి వచ్చేసింది. అత్త నా వైపు తిరిగింది. "ఇంతేనా?"

"ఇంతే అత్తా."

"ఈ కాస్త దూరానికా నేను మోకాళ్లు అరగదీసుకుంది?" నిజంగానే ఎవరో మోసం చేసినట్టు అడిగింది.

ఒడ్డు నుంచి సొక్పోకి నిటారుగా ఎక్కాలి. దుల్లే పిన్ని ఇంటి ముందు బండి ఆపితే తలుపు తీసే ఉంది, మనిషి లేదు. పెరటి వెనక వాలులో, ఇంకా కరగని మంచు పక్కన, వంగి కొండ వెల్లుల్లి ఆకు కోస్తోంది. అది మొలిచే పదిహేను రోజులూ ఆ ఊళ్లో ఎవరూ ఇంటిపట్టున ఉండరు.

"దుల్లే! ఒసే దుల్లే!"

ఆవిడ నడుము పట్టుకుని లేచి, కొడవలి కళ్లకు అడ్డం పెట్టుకుని చూసింది. "ఎవరదీ? ఈ గుంపేంటి? ఎన్నికలొచ్చాయా?"

"నేనే. కిందికి రా. చెంచా తెచ్చుకో."

చెంచా అన్న మాటతో ఆవిడకు అంతా తెలిసిపోయింది. కొండ మీంచి దిగుతూనే మొదలుపెట్టింది. "ఇంకా బుద్ధి రాలేదటే నీకు? ఈసారి ఏ బస్సులో తెచ్చావు? చల్లారిన అన్నం తినీ తినీ నా పళ్లు పోయాయి."

అరుగు మీద కుండ పెట్టారు. కోట్లు ఒక్కొక్కటే తీశారు, బొంత తీశారు, తువ్వాళ్లు తీశారు. హామ్ గారు న్యాయాధికారిలా కుండ మీదికి వంగి గడియారం చూశాడు. "డెబ్భై రెండు నిమిషాలు" అన్నాడు. అత్త మూత తీసింది.

నూనె వాసన, సముద్రం వాసన కలిసి ఒక్కసారిగా లేచాయి.

"పొగ ఏదీ?" అంది దుల్లే పిన్ని. "నాకేం కనబడలేదు."

"నాకూ ఏమీ కనబడటం లేదు" అన్నాడు హామ్ గారు. అందరం ఆయన వైపు చూశాం. కళ్లద్దాలు రెండూ తెల్లగా మంచుపట్టినట్టు అయిపోయాయి. ఆయన అలాగే తలెత్తి, "ఇదిగో, సాక్ష్యం" అన్నాడు.

దుల్లే పిన్ని ఆ అద్దాల దాకా వచ్చి వేలితో తుడిచి చూసింది. కుండ అడుగు దాకా చెంచా దించి, నిండుగా తీసి నోట్లో పెట్టుకుంది. ఆ వెంటనే రెండు కళ్లూ పెద్దవయ్యాయి. నోరు తెరిచి, చేత్తో విసురుకుంది.

"ఏమైందే?" అంది అత్త.

"నాలుక కాలింది."

"ఏంటి? గట్టిగా చెప్పు. దేగు వాళ్లకు వినబడలేదట."

"కాలిందే తల్లీ, కాలింది. చాలా?"

ఆవిడ ఇంకో చెంచా తిన్నది, ఈసారి ఊదుకుని. తర్వాత మూడోది. మేమంతా నిలబడి చూస్తున్నాం. అప్పుడు కొడవలి నా చేతికిచ్చి, తలకు తువ్వాలు చుట్టుకుని, గుమ్మం దాటి రోడ్డు మీదికి నడిచింది.

మా వైపు ఆటలో కాళ్లకు పెద్ద పని ఉండదు. భుజాలే ఆడాలి. దుల్లే పిన్ని రబ్బరు చెప్పులతో, మట్టి చేతులతో, రెండు భుజాలూ మెల్లగా లేపింది. ఒక అడుగు ముందుకు, ఒక అడుగు పక్కకు. మొదట్లో మొహం సీరియస్‌గానే పెట్టింది. దేగు ఆడవాళ్లలో ఒకావిడ చప్పట్లతో తాళం అందుకుంది. తాక్ టీచరమ్మ ముందుగా రోడ్డు మీదికి దిగింది, ఆ వెనక మిగిలిన పది మందీ. కింది నుంచి ఆకు మోపులతో వచ్చిన లారీ ఒకటి ఆగిపోయింది. దాని డ్రైవరు తాళానికి సరిపోయేలా హారన్ కొట్టడం మొదలుపెట్టాడు. చుట్టుపక్కల వాలుల్లో ఆకు కోసేవాళ్లంతా లేచి నిలబడి చూశారు.

అత్త మాత్రం ఆడలేదు. పిట్టగోడ మీద కూర్చుని నవ్వుతూ కళ్లు తుడుచుకుంటోంది.

"ఏడుస్తున్నావా?" అంది దుల్లే పిన్ని, ఆడుతూనే.

"పొగ."

"ఏ పొగ? ఇక్కడ పొయ్యి లేదే."

"నా అన్నం పొగే. కనబడలేదన్నావుగా, ఇప్పుడు చూసుకో."

కుండలో మిగిలింది అందరం తలో చెంచా తిన్నాం. పదమూడు మందికి చెంచా చొప్పున అంటే లెక్క సరిపోయిందో లేదో గాని, హామ్ గారికి మాత్రం అడుగున మాడు కట్టింది కూడా గీకి పెట్టింది అత్త.

బయలుదేరబోతుంటే దుల్లే పిన్ని చేతులు కడుక్కుని, ఊదా రంగు కోటు వేసుకుని వచ్చి బండెక్కి అత్త పక్కన ఇరుక్కుని కూర్చుంది.

"పిన్నీ, ఎక్కడిదాకా?"

"చుట్టూ. ఎటు పోయినా మా ఇంటికే తిరిగొస్తుందటగా ఇప్పుడు."

అక్కణ్ణుంచి నా గైడు పని నా చేతుల్లో లేదు. ఏనుగు తొండం సముద్రంలో ముంచినట్టుండే రాయి దగ్గర నేను ఎప్పుడూ ముందు తొండం చూపించి కథ మొదలుపెడతాను. ఈ వైపు నుంచి ముందు దాని వెనక భాగం వచ్చింది. నేను మాటలు వెతుక్కుంటుంటే దుల్లే పిన్ని మైకు లాక్కుంది. ఆ తర్వాతి మలుపులో, పూర్వం ఇద్దరు ప్రేమికులు చేతులు పట్టుకుని నిలబడి రాళ్లయిపోయారని నేను ముప్ఫై ఏళ్లుగా చెబుతున్న జంట రాళ్లు వచ్చాయి.

"అవి ప్రేమికులు కావు" అంది ఆవిడ మైకులో. "వాటి కింద మా ఆయన రెండు మేకల్ని పోగొట్టుకున్నాడు. మూడు రోజులు ఇంటికి రాలేదు భయంతో. వీడు చెప్పేవన్నీ అబద్ధాలు."

"మీ ఆయన మేకల్ని పోగొట్టుకోలేదు" అంది అత్త. "అమ్ముకుని తాగాడు. ఊరందరికీ తెలుసు, నీకు తప్ప."

"నాకూ తెలుసు. ఈ అమ్మల ముందు ఎందుకని ఊరుకున్నా."

బండంతా పొట్ట పట్టుకుని నవ్వారు. నా ప్రేమికులకు ఎప్పుడూ అంత నవ్వు రాలేదు, కన్నీళ్లు కూడా రాలేదు.

నారి అంటే అగ్నిపర్వతం నోరే. చుట్టూ గోడలా కొండలు, మధ్యలో పళ్లెంలా చదునైన నేల. కొండకొమ్ముల మీద మంచు మెరుస్తోంది, కింద బంగాళదుంప మడులు దున్నుతున్నారు. కొండ ఆకుకూరలు కలిపిన అన్నం తిన్నాం, అక్కడ ఇళ్లల్లో కాచే గింజల మద్యం తాగాం. నేను తాగలేదు, బండి నడపాలి. దుల్లే పిన్ని నా వంతు కూడా తాగింది. పెళ్లికాకముందు తామిద్దరూ సముద్రపు నాచు మూటలు కట్టుకుని ఈ గట్లు దాటి వచ్చి, బదులు దుంపలు మోసుకుపోయేవాళ్లమని, ఒకసారి దారిలో దుంపలు జారిపోయి కొండంతా దొర్లితే రెండు రోజులు ఏరుకున్నామని చెప్పింది.

రెండో గ్లాసు తర్వాత హామ్ గారు లేచి ఒక పాత పాట పాడాడు. రైలు వెళ్లిపోయాక ప్లాట్‌ఫారం మీద మిగిలిపోయిన మనిషి పాట. గొంతు బాగుంది. పాట అయిపోయేదాకా ఆయన భార్య చెంచా గాలిలో అలాగే పట్టుకుని కూర్చుంది.

"ముప్ఫై ఎనిమిదేళ్ల కాపురం" అంది తర్వాత, పక్కావిడతో. "ఈయన పాడతాడని నాకు తెలియదు."

"స్టేషన్లో ఒక్కణ్ణీ ఉన్నప్పుడు పాడేవాణ్ణి" అన్నాడాయన. "రైళ్ల మధ్య ఖాళీలో."

మధ్యాహ్నం పడమటి ఒడ్డు వెంట దిగుతున్నాం. నేను ఇక్కడ ఆగి చూపించేది ఎప్పుడూ పొద్దున్నే, కొండ నీడలో; తిరుగు దారిలో రోడ్డు తప్ప ఏదీ చూసేవాణ్ణి కాదు. ఈసారి ఎండ నేరుగా కొండల మీద పడుతోంది. నల్లటివి అనుకున్న రాళ్లలో ఎరుపు చారలు, పసుపు చారలు, మధ్యలో ఆకుపచ్చ. ఎప్పుడో కక్కిన నిప్పు పొరలు పొరలుగా ఆరినట్టు కనబడుతోంది. ఎప్పటినుంచి మాట్లాడటం మానేశానో నాకే తెలియలేదు.

"గైడు గారూ, ఏమైంది? ఏం చెప్పడం లేదేంటి?" అంది తాక్ టీచరమ్మ.

"నేను కూడా చూస్తున్నానండీ" అన్నాను.

ఆవిడ కూడా కిటికీ వైపు తిరిగింది. అత్తా, దుల్లే పిన్నీ తలలు ఆనించుకుని నిద్రపోతున్నారు. ఇద్దరి నోళ్లూ తెరుచుకుని ఉన్నాయి.

తోంగ్గుమి ఊరి దగ్గర మెలకువ వచ్చింది వాళ్లకి. అక్కడి రాయి మీద తాబేళ్లు పైకెక్కుతున్నట్టు ఉంటుందని మా వాళ్లందరం చెబుతాం. దుల్లే పిన్ని కళ్లు నులుముకుని చూసి, దిగుతున్నాయంది. అత్త ఎక్కుతున్నాయంది. దేగు వాళ్లు రెండు జట్లుగా విడిపోయారు. రేవు వచ్చేదాకా తేలలేదు.

అయిదింటి ఓడకు అరగంట ముందే రేవు చేరుకున్నాం. హామ్ గారు దిగుతూ నా చెయ్యి పట్టుకుని, మొత్తం ప్రయాణంలో ఒక్క మజిలీ కూడా కాగితంలో ఉన్న సమయానికి జరగలేదని, తన ఉద్యోగంలో ఇలా జరిగి ఉంటే సస్పెండ్ చేసేవారని చెప్పాడు. చెయ్యి మాత్రం చాలాసేపు వదల్లేదు. ఆడవాళ్లు అందరూ దుకాణంలో గుమ్మడి జీళ్లు కొని, సగం అత్త ఒళ్లో, సగం దుల్లే పిన్ని ఒళ్లో పోశారు. తాక్ టీచరమ్మ పేర్లు పిలిచి లెక్కచూసుకుని, అందరినీ వరసలో ఓడ ఎక్కించింది.

ఓడ కదిలాక నేను అడిగాను. "పిన్నీ, ఇంటి దగ్గర దింపనా? ఎంతోసేపు పట్టదు, పావుగంట."

"పావుగంటే కదా" అంది ఆవిడ, జీళ్లు చప్పరిస్తూ. "రేపు పోతాలే. దీని ఇల్లు నేను రాత్రి పూట చూడలేదు ఎప్పుడూ."

అలా ఇద్దరినీ జోదోంగ్‌లో దించేశాను. మూడు రోజులుంది.

ఆ రోడ్డు వచ్చి ఇప్పుడు ఆరేళ్లవుతోంది. ఊరి బస్సు రోజుకు ఎన్నోసార్లు తిరుగుతుంది. నేను ఎటు తోస్తే అటు తిప్పుతున్నాను, ఎండను బట్టి. జంట రాళ్ల దగ్గర మేకల కథే చెబుతున్నాను. అత్తా, దుల్లే పిన్నీ మునుపు ఏడాదికి ఒకసారో రెండుసార్లో కలిసేవారు, కలిసినప్పుడు ఒకసారి పోట్లాడుకునేవారు. ఇప్పుడు వారానికి రెండు మూడుసార్లు కలుస్తున్నారు, అన్నిసార్లూ పోట్లాడుకుంటున్నారు. జోదోంగ్‌లో అత్త ఇరుగుపొరుగు నాతో మొరపెట్టుకున్నారు కూడా, రోడ్డు వెయ్యకముందే ప్రశాంతంగా ఉండేదని.

పోయిన నెల ఆకు ఊరగాయలో ఉప్పు ఎంత వెయ్యాలన్న దాని మీద మాటా మాటా పెరిగి, ఇక జన్మలో నీ గడప తొక్కనని దుల్లే పిన్ని సంచి తీసుకుని ఊరి బస్సెక్కి వెళ్లిపోయింది. ఆ బస్సు డ్రైవరు నాకు తెలిసినవాడే. మర్నాడు టీ తాగుతూ చెప్పాడు. దారంతా కిటికీలోకి చూస్తూ బిగుసుకుని కూర్చుందట. సొక్పోలో బస్సు ఆగింది, అందరూ దిగారు, ఆవిడ దిగలేదు.

"మామ్మా, మీ ఊరొచ్చింది. దిగవా?" అని అడిగాడట.

"నువ్వు వెనక్కి పోతావుగా, పోనీ" అందట ఆవిడ, సంచి ఒళ్లోకి లాక్కుని. "తిట్టాల్సింది ఇంకా మిగిలిపోయింది."